ఎండమావి, ఉదంకుని దాహం



ఎండమావి ప్రస్తావన లేని వేదాంతప్రవచనం అరుదు. రజ్జుసర్పం, శుక్తిరజతం, మృగతృష్ణాజలం అనే మూడు దృష్టాంతాలు లేకపోతే అధ్యాసను గురించి మాట్లాడడం నావంటి అల్పజ్ఞునికి సాధ్యమే కాదు. ఉపాధ్యాయవృత్తి నుండి విరమించిన నాటి నుండి వీరులపాడులో ప్రతి ఏకాదశినాడు పదిమంది పెద్దల సమక్షంలో గీత చదివి, తెలిసినంత మేరకు అర్థం చెబుతున్నాను. మృగతృష్ణను ఎన్నిమార్లు ఉదాహరించి ఉంటానో లెక్కలేదు. కాని మరుభూమిని మాత్రం ఎన్నడూ చూడలేదు. నందిగామ దాటిన తరువాత జాతీయరహదారి మీద వైశాఖమాసపు మధ్యాహ్నం తళతళలాడే నీటిభ్రమ ఒక్కటే నాకు తెలిసిన ఎండమావి.

గడచిన శివరాత్రి వెళ్ళిన వారంలో మా అబ్బాయి బలవంతం మీద రాజస్థానయాత్రకు బయలుదేరాము. జైసల్మేరుకు పడమటగా నలభై కిలోమీటర్ల దూరంలో సమ్ అనే గ్రామం వద్ద ఇసుకతిన్నెలు ఉన్నాయి. అక్కడ గుడారాల వసతిలో రెండు రాత్రులు గడపాలని వాడి సంకల్పం. “నాన్నగారూ, మీరెప్పుడూ ఏకాంతం, ఏకాంతం అంటారు గదా! అంతకంటె ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది?” అన్నాడు. జపమాల, గీతాప్రతి, రాగిచెంబు సర్దుకొని వెళ్ళాను.

ఏకాంతం దొరకలేదు. గుడారమంటే మంచము, పరుపు, వేడినీటి యంత్రము ఉన్న గదియే. గోడలు మాత్రం గుడ్డవి. సాయంత్రం జీపులు తిన్నెల మీద ఎగిరెగిరి పడుతుంటే లోపలివారు కేకలు వేస్తారు. రాత్రి మంట చుట్టూ పాట, ఆట, ధ్వనివర్ధకం. ఆ గాయకులలో మాంగణియార్లు ఉన్నారు. వారు మతం చేత మహమ్మదీయులు. తరతరాలుగా హిందూ గృహస్థుల ఇళ్ళలో పురుడుకు, పెళ్ళికి పాడి జీవించే వంశాలవారు. కమాయచా అనే తంత్రీవాద్యం మీద వారు కృష్ణకీర్తన కూడా పాడతారు. ఆ కీర్తన ముగిసీ ముగియకముందే సినిమాపాట అందుకోమని అతిథులు కోరారు. జనరేటరు ఆగేసరికి అర్ధరాత్రి సమీపించింది.

దీనిని నిందించడం నా ఉద్దేశం కాదు. వేడినీటితో నేనూ స్నానం చేశాను. మెత్తని పరుపు మీద నేనూ నిద్రించాను. మూల్యం చెల్లించి మౌనాన్ని కొనగలమన్నది చిన్న భ్రాంతి. ఒక్క రాత్రితో వదిలిపోతుంది. అంతకంటె పెద్ద భ్రాంతి ఒకటి నాలో ఉన్నదని మరునాటి ఉదయం తెలిసింది. దానిని గురించి చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ ఉదయం ఎవరినీ లేపకుండా తిన్నెలలోకి నడిచాను. సూర్యోదయం, సంధ్యావందనం, జపం అన్నీ ప్రశాంతంగా జరిగాయి. సంధ్యకు తెచ్చుకున్న చెంబెడు నీరు అక్కడే అయిపోయింది. తిరుగుదారిలో నా అడుగుజాడలను గాలి చెరిపివేసింది. ఏ తిన్నె చూచినా ఒకే తీరు. రెండు గంటలు తిరిగాను. ఎండ ఎక్కింది. దూరాన నేల మీద నీటిచాలు మెరిసింది. ఎన్నిమార్లు చెప్పిన దృష్టాంతమో, అది ఎండమావి అని బుద్ధికి తెలుసు. అయినా కాళ్ళు అటే నడిచాయి. తెలియడం వేరు, నిలవడం వేరు అని అప్పుడు బోధపడింది.

అంతలో ఒక వృద్ధుడు ఒంటెను నడిపించుకొంటూ వచ్చాడు. మాసిన తలపాగా, వెంట ఒక కుక్క. నా ముఖం చూడగానే విషయం గ్రహించి, ఒంటెకు కట్టిన ప్లాస్టిక్ డబ్బా విప్పి, మూతలో నీరు పోసి నా వైపు చాచాడు. “పానీ పీ లో, బాబా” అన్నాడు. నాలుక అంగిలికి అంటుకొని ఉంది. అయినా నా చేయి నా అనుమతి లేకుండానే వద్దని ఊగింది. ఆయన కులమేదో నేను అడగలేదు, మతమేదో అడగలేదు. అడగవలసిన అవసరం లేకుండానే నా శరీరం తీర్పు చెప్పివేసింది.

ఆయన నొచ్చుకోలేదు. మూతలోని నీటిని కుక్కకు పట్టి, డబ్బా మళ్ళీ కట్టి, రమ్మని సైగ చేసి ముందు నడిచాడు. అరగంటలో గుడారాలు కనిపించాయి. నేను వంద రూపాయలు ఇచ్చాను. తీసుకొని తలపాగాలో దోపుకొని వెళ్ళిపోయాడు. నా డబ్బు ఆయన చేతికి తగలవచ్చు. ఆయన నీరు నా పెదవికి తగలరాదు! గుడారంలోకి వెళ్ళి సీసానీరు గటగటా తాగుతుంటే ఉదంకుడు జ్ఞప్తికి వచ్చాడు.

భారతం అశ్వమేధపర్వంలోని ఆ కథ మీలో చాలామందికి తెలిసినదే. సంస్కృతంలో ఉత్తంకుడు, తెలుగువారికి ఉదంకుడు. ఆయన మరుభూమిలో నివసించిన తపస్వి. కురుక్షేత్రయుద్ధం ముగిసి శ్రీకృష్ణుడు ద్వారకకు పోతూ ఆయనను కలిశాడు. సంధి కుదర్చలేదన్న కోపంతో ఉదంకుడు శపించబోయాడు. భగవానుడు ఆధ్యాత్మతత్త్వం చెప్పి, విశ్వరూపం చూపి శాంతింపజేశాడు. వరం కోరుకొమ్మంటే ఆ మహర్షి కోరినది ఒక్కటే: ఈ మరుభూమిలో కోరినప్పుడు నీరు దొరకాలి. “నన్ను తలచుకో” అని చెప్పి స్వామి వెళ్ళిపోయాడు.

కొంతకాలానికి దాహార్తుడై తిరుగుతూ ఉదంకుడు అచ్యుతుని స్మరించాడు. ఎదుట ఒక మాతంగుడు ప్రత్యక్షమయ్యాడు. దిగంబరుడు, ఒంటినిండా మట్టి, చుట్టూ కుక్కలు, చేత ధనుర్బాణాలు. అతడు ఇవ్వజూపిన నీరు కూడా జుగుప్స కలిగించే రీతిలో, అతని దేహం నుండే స్రవిస్తున్నది. త్రాగుమని మాటిమాటికీ వేడుకున్నాడు. మహర్షి కోపించి నిరాకరించాడు. మాతంగుడు కుక్కలతో సహా అంతర్ధానమయ్యాడు. తరువాత కృష్ణుడు వచ్చి అసలు సంగతి చెప్పాడు. ఉదంకునికి అమృతమివ్వుమని తాను ఇంద్రుని కోరాడు. మర్త్యునికి అమృతం తగదని ఇంద్రుడు వారించినా తాను వదలలేదు. అప్పుడు ఇంద్రుడు మాతంగరూపంలోనే పోతానని, స్వీకరిస్తే అమృతం దక్కుతుందని, కాదంటే లేదని నియమం పెట్టాడు. ఆ నియమంలో ఉదంకుడు ఓడిపోయాడు.

ఈ కథలో నన్ను కలవరపరచే అంశం ఒకటి ఉంది. ఉదంకుడు అజ్ఞాని కాడు, గురుశుశ్రూషలో కీర్తి పొందినవాడు. అంతకుముందే విశ్వరూపాన్ని కన్నులారా చూచినవాడు. సమస్తమూ ఆ దేహంలోనే ఉన్నదని చూచిన కన్నులే, కొద్దికాలానికి ఆ సమస్తంలోనివాడే అయిన మాతంగుని గుర్తించలేకపోయాయి. విశ్వరూపసందర్శనం కంటె ఒక దోసెడు నీటిని స్వీకరించడం కఠినమైన సాధన అని వ్యాసభగవానుడు చెప్పదలచాడని నా అభిప్రాయం.

ఇప్పుడు రెండు భ్రాంతులను పక్కపక్కన పెట్టి చూడండి. లేని నీటిని ఉన్నదనుకోవడం మృగతృష్ణ. ఉన్న అమృతాన్ని కాదనుకోవడం ఉదంకుని తృష్ణ. రెండింటికీ ఫలితం ఒక్కటే: దాహం తీరదు. మనం ప్రవచనాలలో మొదటిదానిని గురించి గంటలకొద్దీ చెబుతాము, ఎందుకంటే అది ప్రపంచం చేసే మోసం. రెండవదానిని గురించి మౌనం వహిస్తాము, ఎందుకంటే అది మనం చేసేది.

శంకరభగవత్పాదులు సూత్రభాష్యంలోని ఆరంభణాధికరణంలో ఎండమావిని దృష్టాంతంగా స్వీకరించారు. ఆ నీరు ఊషరభూమి కంటె వేరు కానట్లే, ఈ భోగ్యభోక్తృ ప్రపంచం బ్రహ్మం కంటె వేరు కాదని అక్కడి తాత్పర్యం. “జగత్తు మిథ్య” అన్న సగాన్ని పట్టుకొని ఇతరుల సుఖదుఃఖాలను మిథ్యలో జమకట్టి, మన మడిని మాత్రం సత్యంలో జమకడుతున్నాము. వేరు కానిది జగత్తు అయితే, ఆ ఒంటెల కాపరి చేయి మాత్రం వేరు ఎట్లా అవుతుంది? కాశీలో ఆచార్యులకు చండాలుడు ఎదురైన గాథను, దాని ఫలంగా వెలువడిన మనీషాపంచకాన్ని సంప్రదాయం భద్రంగా కాపాడుకొన్నది. తొలగిపొమ్మన్న నోటితోనే ఆయనను గురువుగా అంగీకరించడం ఆచార్యుల మహత్త్వం. ఉదంకుడు చేయలేనిది అదే. నేను చేయలేనిదీ అదే.

ఇక్కడ ఆచారపరులైన పెద్దలు ఒక ఆక్షేపం చెప్పగలరు. అది తేలికగా తోసివేయదగినది కాదు. “శాస్త్రం ప్రాణాపాయంలో మాత్రమే ఆహారనియమాన్ని సడలించింది. నీకు ప్రాణం మీదికి రాలేదు. నియమం నిలుపుకొన్నావు, దోషమేమున్నది?” అంటారు. ఛాందోగ్యంలోని ఉషస్తి చాక్రాయణుని కథ దీనికి ఆధారం. కురుదేశంలో పంటలు నశించిన కాలాన ఆయన ఇభ్యగ్రామంలో ఒకడు తింటున్న గుగ్గిళ్ళను అడిగి తిన్నాడు. తరువాత వాడు నీరు ఇవ్వబోతే ఎంగిలి అని వద్దన్నాడు. గుగ్గిళ్ళూ ఎంగిలివే కదా అని వాడడిగితే, అవి తినకపోతే బ్రతికేవాడను కాను, నీరు మాత్రం కోరినచోట దొరుకుతుంది అని సమాధానమిచ్చాడు. ప్రాణాత్యయంలో సర్వాన్నానుమతి అన్న బ్రహ్మసూత్రానికి ఈ కథయే మూలం.

శ్రద్ధగా పరిశీలించండి. ఉషస్తి నిరాకరించినది ఉచ్ఛిష్టాన్ని. ఇచ్చినవాని జన్మను ఆయన ప్రశ్నించలేదు. నీరు సులభంగా లభించే చోట ఎంగిలి వద్దనడం శౌచం; దానిని నేనూ పాటిస్తాను. నాకు చాచిన మూత ఎంగిలా కాదా అని నేను విచారించలేదు. తలపాగాను చూచి నిర్ణయించాను. నియమం నన్ను నేను కట్టుకొనే త్రాడు. దానితో ఎదుటివానిని కొలవడం మొదలుపెట్టిన క్షణాన అది నియమం కాదు, అహంకారం. పండితులు సమదర్శులని గీత ఐదవ అధ్యాయం చెబుతూ, విద్యావినయసంపన్నునితో పాటు కుక్కను, కుక్కమాంసం తినేవానిని కూడా పేర్కొన్నది. ఆ శ్లోకానికి అర్థం నేను ఎన్ని ఏకాదశులు చెప్పానో! ఆ ఉదయం కుక్క నీరు త్రాగింది. గీత చెప్పేవాడు త్రాగలేదు.

ఆ మిగిలిన దినమంతా ఆ నేలను గురించి అడిగి తెలుసుకొన్నాను. జైసల్మేరు ప్రాంతంలో ఏడాదికి సగటు వర్షపాతం 200 మిల్లీమీటర్ల లోపే. మన కృష్ణా మెట్టప్రాంతంలో అంతకు నాలుగైదు రెట్లు కురుస్తుంది. అయినా 1156లో స్థాపితమైన ఆ నగరం నేటికీ నిలిచి ఉన్నది. పాలీవాల బ్రాహ్మణులు ఖడీన్ అనే పద్ధతిని నెలకొల్పారు. రాతినేల మీద కురిసిన వాన జారి వచ్చే పల్లానికి అడ్డంగా మట్టికట్ట వేస్తారు. నీరు నిలిచి ఇంకిన తరువాత ఆ తేమ మీదనే శీతకాలంలో గోధుమ, శనగ పండిస్తారు. ఇక బేరీలున్నాయి. కొన్నిచోట్ల ఇసుక క్రింద ఖడియా మట్టిపొర ఉంటుంది. వాననీరు దానిని దాటి క్రిందనున్న ఉప్పునీటిలో కలవలేక, ఇసుక రేణువుల నడుమ తేమగా నిలుస్తుంది. ఇరుకైన బావి త్రవ్వితే ఆ తేమ బొట్టుబొట్టుగా ఊరుతుంది. అనుపమ్ మిశ్ర 1995లో వెలువరించిన ‘రాజస్థాన్ కీ రజత్ బూందేఁ’ అనే గ్రంథంలో ఈ విద్యను ఆదరంతో వర్ణించాడు. ఇసుకను మనం శూన్యానికి ప్రతీకగా చెబుతాము. అక్కడివారికి ఇసుక నీటిని దాచే పెట్టె.

ఆ మాట వినగానే మా చెలమలు కళ్ళముందు నిలిచాయి. మునేరు, వైరా ఏటి తీరపు పల్లెలలో పుట్టినవారికి చెలమను గురించి చెప్పనక్కరలేదు. వేసవిలో ఏరు ఎండితే ఇసుకలో చేతులతో గొయ్యి తీసేవారు. కాసేపటికి తేటనీరు ఊరేది. కొబ్బరిచిప్పతో తోడి బిందెలో పోసుకొనేవారు. ఏరు ఒక్కటే, ఇసుక ఒక్కటే, లోపల పారే తేమ ఒక్కటే. అయినా నా బాల్యంలో మా చెలమ ఎగువన, మరికొందరి చెలమ దిగువన ఉండేది. ఇసుక క్రింద ఆ నీరు ఎగువ నుండి దిగువకు కలిసి ప్రవహిస్తున్నదని అందరికీ తెలుసు. తెలిసే హద్దు గీశాము. అద్వైతాన్ని ఏరు ఇసుకలో వ్రాసి చూపితే, దాని మీద కాలితో గీత గీసినవారం మనం.

ఇప్పుడు చెలమలు లేవు. ఇసుక లారీలెక్కి నగరాలకు వెళ్ళింది. 2023 జూలైలో మునేరు పొంగి ఐతవరం వద్ద జాతీయరహదారిని ముంచినప్పుడు చూచిన నీరు, వేసవి వచ్చేసరికి ఏటిలో కనిపించదు. ఇంటింటికీ ఇరవై లీటర్ల డబ్బానీరు వస్తున్నది. ఆ డబ్బాను ఎవరు నింపారో, ఎవరి చేయి తగిలిందో ఏ ఆచారపరుడూ అడగడు. నేనూ అడగలేదు. యంత్రం ముందు తలవంచిన మన మడి, మనిషి ముందు మాత్రం తల ఎత్తుతున్నది! ఇదేనా మనం కాపాడుకొన్న శాస్త్రం?

మరొక మాట. ఆ రాత్రి భోజనంలో సాంగ్రీ అనే కూర వడ్డించారు. అది ఖేజడీ చెట్టు కాయలతో చేసినది. ఆ చెట్టేదో చూపమంటే, మన జమ్మిచెట్టునే చూపారు! పాండవులు ఆయుధాలు దాచిన శమీవృక్షం; విజయదశమినాడు మనం ప్రదక్షిణం చేసి ఆకు కోసుకొని, మిగిలిన ఏడాదంతా మరచిపోయే చెట్టు. అక్కడ అది పశువుకు మేత, మనిషికి కూర, పొలానికి నీడ. 1730లో జోధపూర్ సమీపంలోని ఖేజడ్లీ గ్రామంలో రాజభటులు ఆ చెట్లను నరకబోతే అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకొని ప్రాణాలు అర్పించారు. పూజించడమంటే ఏమిటో వారిని చూచి నేర్చుకోవలసినవారం మనం.

కనుక సాధకులారా, మరుభూమికి వెళ్ళవద్దని నేను చెప్పను. తప్పక వెళ్ళండి. గుడారంలో ఉండండి, దోషం లేదు. అయితే ఏకాంతాన్ని కొనుక్కొని వచ్చామని భ్రమించకండి. అక్కడి ఇసుక బోధించేది శూన్యాన్ని కాదు, నీటిని. ఎవరు ఇస్తారు, ఎవరు పుచ్చుకొంటారు అన్నదే అక్కడి వేదాంతం. మీ ముందు ఎవరైనా నీరు చాచితే, చేయి ఊగే ముందు ఒక్క క్షణం ఉదంకుని తలచుకోండి.

రెండవనాడు ఆ వృద్ధుని కోసం తిన్నెల వైపు వెళ్ళాను. ఒంటెలు చాలా ఉన్నాయి, ఆయన కనిపించలేదు. ఊరికి తిరిగివచ్చాను. మా పెరటిగోడ గూటిలో ఒక స్టీలుగ్లాసు ఉన్నది. పశువుల కొట్టం శుభ్రం చేసే ఆమె కోసం మా అమ్మగారి కాలం నుండి విడిగా ఉంచినది. ఇన్నేళ్ళుగా ప్రతిదినం దాని పక్కగా నడిచి పూజకు పూలు కోశాను. ఒక్కనాడూ అది నా కంటపడలేదు. ఆ గ్లాసు తీసి లోపలి గ్లాసులలో కలిపాను. నా భార్య చూచి ఏమీ అనలేదు.

అది సులభమైన సగం. నేను ఇవ్వడం నాకు కష్టం కాదు. ఉదంకుడు ఓడినది పుచ్చుకోవడంలో. పది రోజుల తరువాత ఒక సాయంత్రం ఆమె ఇంటి ముందు నుండి నడుస్తూ ఆగి, “అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇస్తావా?” అని అడిగాను. ఆమె తత్తరపడి, “అయ్యగారూ, మా ఇంటివా?” అన్నది. ఆ ప్రశ్న నా మీద తీర్పు. అరవై ఎనిమిదేళ్ళ నా వయస్సులో ఆ వీధిలో నేను నీరు అడగడం అదే మొదలు. లోపలికి వెళ్ళి, గ్లాసును రెండుమార్లు తోమి, నీరు తెచ్చింది. త్రాగాను. మామూలు నీరే. మా ఇంటికి వచ్చే డబ్బానీరే.

కథ చివర శ్రీకృష్ణుడు ఉదంకుని విడిచిపెట్టలేదు. నీవు దాహం గొన్నప్పుడు ఈ మరుభూమి మీద మేఘాలు వచ్చి వర్షిస్తాయని, అవి నీ పేరనే ప్రసిద్ధమవుతాయని అనుగ్రహించాడు. అమృతం పోయింది, నీరు మిగిలింది. ఓడినవానికి సైతం నీరు నిరాకరించకపోవడం భగవంతుని లక్షణం. నిరాకరించడం నా లక్షణంగా ఇన్నాళ్ళు గడిచింది. ఇకనైనా మారాలని ప్రార్థన.

స్వస్తి.